రాత్రి నడిచిన బండి.. పొద్దున మొరాయించింది!

సర్వీసు చేయించాక లారీ స్టార్టు కాకపోతే పంపు మీద అనుమానపడతాం.. అసలు దొంగ రబ్బరు రింగు కావచ్చు

పొద్దున ఆరున్నర. బళ్లారి - హోస్పేట రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. దాని ముందు ఒళ్లంతా ఎర్రధూళి పూసుకున్న పది చక్రాల టిప్పరు. డ్రైవరు తాళం తిప్పుతూనే ఉన్నాడు. 'ఖుర్ర్.. ఖుర్ర్..'మంటూ ఇంజను తిరుగుతోంది. అందుకోవడం లేదు. పదోసారికి ఆ శబ్దం కూడా నీరసించింది.

ముందురోజు సాయంత్రమే బండికి సర్వీసు అయింది. ఆయిలు మార్చారు. డీజిలు ఫిల్టర్లు కొత్తవి వేశారు. ఎయిర్ ఫిల్టరు దులిపి బిగించారు. రాత్రి ఎనిమిదింటికి స్టార్టు చేసి షెడ్డు లోపలి నుంచి రోడ్డు పక్కకు తెచ్చి పెట్టారు. అప్పుడు బాగానే ఉంది. తెల్లారేసరికి ఇదీ సంగతి.

ఏడున్నరకల్లా సండూరు వైపు గని దగ్గర వరుసలో నిలబడాలి. వరుస తప్పితే ఆ రోజు ట్రిప్పు పోయినట్టే. ట్రిప్పు పోతే డ్రైవరుకు బాటా లేదు. యజమాని రాయదుర్గంలో ఉంటాడు. ఆయనకున్నది ఈ ఒక్క బండే, అదీ సెకండ్ హ్యాండుది. పదో తేదీ వస్తే ఫైనాన్సు కిస్తీ కట్టాలి. పావుగంటకోసారి ఫోను మోగుతోంది. 'ఏమైంది? ఏమైంది?' అని అవతలి గొంతు మాకూ వినపడుతోంది.

సర్వీసు చేసిన కుర్ర మెకానిక్కు ముఖంలో నెత్తురు చుక్క లేదు. 'పంపు పోయినట్టుందన్నా. దింపి పంపు షాపుకు ఇవ్వాల' అన్నాడు. పంపు దింపడమంటే రెండు రోజులు, వేలల్లో ఖర్చు. డ్రైవరు ఇంకోసారి తాళం మీద చెయ్యి వేశాడు.

'తియ్ చెయ్యి!' అని ఒక కేక వినిపించింది. టీ గ్లాసు పట్టుకుని పెద్ద మేస్త్రి వచ్చాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి. చిన్నప్పుడు గుంతకల్లు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. 'బ్యాటరీ చంపితే ఇంక బండి సంగతి కనుక్కునేది ఎట్లప్పా?' అన్నాడు.

'నిన్న ముట్టుకున్నదేంది?'

మేస్త్రి మొదట బానెట్టు కూడా ఎత్తలేదు. కుర్రాణ్ణి పక్కకు పిలిచి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. 'నిన్న బాగుండిన పంపు రాత్రికి రాత్రి చస్తాదేమిరా? నువ్వు ముట్టుకున్నదేంది, అది చెప్పు. ముట్టుకోనిది తర్వాత చూద్దాం.'

డీజిలు బండి మరమ్మతులో సగం విద్య ఈ ప్రశ్నలోనే ఉంది. సర్వీసుకు ముందు నడిచి, సర్వీసు తర్వాత నడవని బండిలో తప్పు సాధారణంగా సర్వీసులో చెయ్యి పెట్టిన చోటే ఉంటుంది. కొత్తగా ఏదో పాడైందని అనుకునే ముందు, విప్పిన ప్రతి బోల్టునూ వెనక్కి తలచుకోవాలి. ఏది తీశాం? ఏది వేశాం? వేసింది సరిగ్గా కూర్చుందా? ఊడదీసిన వైరు మళ్లీ తగిలించామా?

రెండో పని, డ్రైవరును మళ్లీ ఒక్కసారి సెల్ఫ్ కొట్టమన్నాడు. తాను పోయి సైలెన్సరు దగ్గర నిలబడ్డాడు. ఇంజను తిరిగింది. గొట్టంలోంచి ఏమీ రాలేదు. 'పొగ లేదు' అన్నాడు మేస్త్రి. పక్క బండి కింద నుంచి ఇంకొక మెకానిక్కు తల బయటపెట్టి 'హొగె ఇల్వా?' అన్నాడు కన్నడంలో. మన 'ప' అక్కడ 'హ' అవుతుంది గానీ, మాట ఒకటే. ఈ షెడ్డులో పొగకు మూడు పేర్లు. హిందీవాడొస్తే 'ధువా'. మూడింటికీ అర్థం తెలిసినవాడే ఇక్కడ మేస్త్రి.

పొగ చెప్పే జాతకం

డీజిలు ఇంజనుకు పెట్రోలు బండిలా స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కితే అది నిప్పులా వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణాన నాజిలు డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే భగ్గుమంటుంది. అంటే కావలసినవి మూడే: తగినంత వేగంగా తిరగడం, గాలి, వేళకు చేరే డీజిలు. ఈ మూడింట్లో ఏది తక్కువైందో సైలెన్సరు చెబుతుంది.

సెల్ఫ్ కొడితే ఇంజను అసలు తిరగకపోతే, లేదా ముక్కుతూ మూలుగుతూ తిరిగితే డీజిలు సంగతి ఎత్తనక్కర్లేదు. లారీకి పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండు, కలిపి ఇరవై నాలుగు. నిలకడగా ఉన్నప్పుడు మీటరులో 25 పైన చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 18 కన్నా కిందికి పడిపోతోందంటే బ్యాటరీ గానీ, టెర్మినళ్లు గానీ, ఎర్తు వైరు గానీ చూసుకోవాలి. సర్వీసులో ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఎర్తు పట్టీ విప్పి, తిరిగి పెయింటు మీదే బిగించేవాళ్లున్నారు. లైట్లు ధగధగ వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం 'టక్' అని ఊరుకుంటుంది.

ఇంజను జోరుగా తిరుగుతోంది గానీ పొగ చుక్క లేదంటే డీజిలు సిలిండరుకు చేరడం లేదు. తెల్లటి పొగ, కళ్లు మండే పచ్చి డీజిలు వాసన వస్తుంటే డీజిలు చేరుతోంది, మండటం లేదు. పంపు దింపి ఎక్కించిన బండిలో ఇలా వస్తే మొదట టైమింగు చూడాలి. మొదటి సిలిండరు పిస్టను పైకి రావడం ప్రతి రెండు చుట్లలో రెండుసార్లు జరుగుతుంది. ఒకసారి గాలిని నొక్కడానికి, ఇంకోసారి పొగను తోసెయ్యడానికి. రెండోదాన్ని మొదటిదనుకుని పంపు బిగిస్తే పూర్తిగా ఒక చుట్టు తేడా. 'గుర్తు కలిసింది సార్, అయినా స్టార్టు కాలేదు' అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే. మొదటి సిలిండరు ట్యాపెట్లు రెండూ వదులుగా ఉన్నాయో లేదో చేత్తో ఆడించి చూస్తే తెలిసిపోతుంది. రెండూ వదులుగా ఉంటేనే అది నొక్కే దెబ్బ.

నల్లపొగ తన్ని ఆగిపోతోందా? గాలి చాలడం లేదు. ఈ మాటకు షెడ్డులో అందరూ నవ్వారు. కొన్నేళ్ల కింద ఎయిర్ ఫిల్టరు విప్పినప్పుడు ధూళి పోకుండా గొట్టం మూతికి గుడ్డ కుక్కి, తీయడం మరచి బిగించేశారట. మధ్యాహ్నం దాకా నాజిళ్లన్నీ విప్పి చూశారు. చివరికి గుడ్డ బయటపడింది. మరచిపోయింది ఎవరని అడిగితే కుర్రవాళ్లు పెద్ద మేస్త్రి వైపు చూశారు. ఆయన టీ గ్లాసు వైపు చూశాడు.

నవ్వుకోలేనిది ఒకటుంది. హెడ్డు దింపి ఎక్కించిన ఇంజను సెల్ఫ్ కొట్టగానే దేనికో తగిలినట్టు టక్కున ఆగిపోతే మళ్లీ కొట్టకూడదు. సిలిండరులోకి నీళ్లు దిగి ఉండవచ్చు. గాలి నలుగుతుంది గానీ నీళ్లు నలగవు. బలవంతం చేస్తే కనెక్టింగు రాడ్డు వంగుతుంది. నాజిళ్లు తీసేసి, ఇంజనును చేత్తో తిప్పి నీళ్లు బయటికి పోనివ్వాలి. తర్వాతే మిగతా సంగతి.

నురగ ఆగలేదు

మన టిప్పరు దగ్గరికి వద్దాం. ఇది పాత రకం బండి, వరుస పంపుది. బెంగళూరులో 1951లో మొదలైన మైకో కంపెనీ 2008లో బాష్‌గా పేరు మార్చుకుంది. అయినా ఈ రోడ్డు మీది పాత డ్రైవర్లకు ఇది ఇప్పటికీ 'మైకో పంపే'.

పొగ లేదు కాబట్టి డీజిలు రావడం లేదు. మేస్త్రి మొదట స్టాపు లివరు చూశాడు. ఇంజను ఆపడానికి లాగే కేబులు ఆ చివరే ఇరుక్కుంటే ఎంత కొట్టినా డీజిలు వదలదు. లివరు బాగానే వెనక్కి వస్తోంది. ట్యాంకులో డీజిలుంది. ఇక మిగిలింది గాలి.

డీజిలు పైపుల్లో గాలి చేరితే వచ్చే చిక్కు చిన్నదే గానీ మొండిది. డీజిలును నొక్కితే నలగదు, అందుకే పంపు కొట్టిన దెబ్బ నాజిలుదాకా పోతుంది. మధ్యలో గాలి బుడగ ఉంటే ఆ దెబ్బనంతా అదే మింగేస్తుంది. నాజిలు తెరుచుకోదు. దీన్నే మనవాళ్లు 'ఎయిర్ పట్టింది' అంటారు. ఫిల్టరు మార్చిన ప్రతిసారీ గాలి చేరుతుంది. బయటికి తీయాల్సిందే.

ఫిల్టరు తల మీది చిన్న స్క్రూ వదులు చేసి, ఫీడు పంపు మీదున్న చేతి ప్రైమరును కొట్టమన్నాడు మేస్త్రి. కుర్రాడు కొట్టాడు. స్క్రూ పక్క నుంచి బుసబుసమని నురగ వచ్చింది. యాభై కొట్లు. నురగే. వంద. నురగే. మామూలుగా అయితే ఈపాటికి బుడగ లేని డీజిలు ధారగా రావాలి. అప్పుడు కొడుతూ కొడుతూనే స్క్రూ బిగించి, తర్వాత పంపు మీది స్క్రూ దగ్గర ఇదే పని చేయాలి.

'గాలి ఉండేది కాదురా ఇది. వస్తాండేది' అన్నాడు మేస్త్రి. అంటే లోపల మిగిలిపోయిన గాలి కాదు. ఎక్కడి నుంచో కొత్తగా పీల్చుకుంటోంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఫీడు పంపు దాటాక పైపుల్లో డీజిలును వెనక నుంచి నెడుతుంటుంది. అక్కడ లీకుంటే డీజిలు బయటికి కారి తడి కనపడుతుంది. ట్యాంకు నుంచి ఫీడు పంపు దాకా మాత్రం డీజిలును ముందు నుంచి లాగుతుంటుంది. అక్కడ సందుంటే చుక్క కూడా కారదు, గాలి లోపలికి పోతుంది. గుడ్డపెట్టి తుడిచి చూసినా పొడిగానే ఉంటుంది. కుర్రాడు రెండుసార్లు తుడిచి చూసి 'లీకు లేదు' అన్నది అందుకే. అతను అబద్ధం చెప్పలేదు.

ఏ సందులోంచి పీలుస్తోందో తెలియడానికి మేస్త్రి చేసిన పని చూడముచ్చటగా ఉంది. ఫీడు పంపులోకి వచ్చే పైపును ఊడదీశాడు. ఆ చోట శుభ్రమైన గొట్టం ముక్క తగిలించి, రెండో కొసను వడకట్టిన డీజిలు డబ్బాలో ముంచాడు. 'కొట్టు' అన్నాడు. ముప్ఫై కొట్లకు నురగ తగ్గింది. నలభైకి ధార తీగలా వచ్చింది. అంటే ఫీడు పంపు మంచిది. దాని తర్వాత ఉన్నవన్నీ మంచివే. దొంగ ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉన్నాడు. ఆ దారిలో నిన్న ముట్టుకున్నది ఒక్కటే.. నీళ్లు వేరుచేసే ముందు ఫిల్టరు.

దాన్ని విప్పారు. కొత్త ఫిల్టరు రబ్బరు రింగు దానికే ఉంది. ఫిల్టరు తలకు ఇంకో రింగు అతుక్కుని ఉంది. పాత ఫిల్టరుది! ఎండకూ వేడికీ గట్టిపడి, నల్లగా, తలలో భాగమే అన్నట్టు కూర్చుంది. పాత ఫిల్టరు ఊడింది గానీ రింగు ఊడలేదు. దాని మీదే కొత్తది బిగించారు. రెండు రింగుల మధ్య వెంట్రుకంత సందు.

మరి రాత్రి ఎలా నడిచింది? నిన్న సాయంత్రం సర్వీసు కాగానే ప్రైమరు కొట్టారు, వచ్చిందే చాలనుకున్నారు. పంపులోనూ పైపుల్లోనూ ఉన్న డీజిలుతో రెండు నిమిషాలు ఆడింది. బండి కదిలి రోడ్డు పక్కకు వచ్చింది. తర్వాత రాత్రంతా ఆ సందులోంచి గాలి జొరబడుతూ, డీజిలు మెల్లగా ట్యాంకుకు వెనక్కి దిగిపోయింది. పొద్దుటికి పైపులు ఖాళీ.

రింగు గోటితో రాలేదు. స్క్రూడ్రైవరు మొన తగిలితే తల గీరుకుపోతుందని, మొండి చెక్కముక్కతో లేపాడు మేస్త్రి. చుట్టూ తుడిచాడు. ఇక్కడ తుడవడం చిన్న పని కాదు. ఈ ధూళి ఉత్త మట్టి కాదు, ఇనుప ఖనిజం. పంపు లోపలి పనితనానికి ఒక్క రేణువు చాలు గీత పెట్టడానికి. కొత్త రింగుకు కాస్త డీజిలు రాసి, చేత్తో తిప్పి బిగించాడు. మళ్లీ ప్రైమరు. ఈసారి నురగ త్వరగానే ఆగింది. పంపు స్క్రూ దగ్గర కూడా గాలి తీశారు. నాజిళ్ల దగ్గర పైపు నట్లు రెండు వదులు చేసి, డ్రైవరుతో సెల్ఫ్ కొట్టించారు. డీజిలు చిమ్మగానే పానాతో బిగించారు. పక్క బండి బ్యాటరీ సాయం తీసుకున్నారు, మన దానిలో అప్పటికే ప్రాణం లేదు.

సెల్ఫ్ విషయంలో మేస్త్రి లెక్క ఇదీ: పది, పదిహేను సెకన్లకు మించి పట్టుకోకూడదు. మధ్యలో ఒక నిమిషమైనా విరామం ఇవ్వాలి. పొద్దుటి నుంచి డ్రైవరు కొట్టిన తీరుకు మోటారు కాలకపోవడం అదృష్టమే. కొందరు బండిని వెనక నుంచి ఇంకో లారీతో నెట్టించో, లాగించో స్టార్టు చేయిస్తారు. డీజిలే రాని బండిని హోస్పేట దాకా లాగినా స్టార్టు కాదు. పైగా ట్యాంకుల్లో గాలి పీడనం పడిపోతే వెనక చక్రాల స్ప్రింగు బ్రేకులు పట్టేసుకుంటాయి. ఈథరు స్ప్రే కొట్టడం, పెట్రోలు గుడ్డ చూపించడం ఈ షెడ్డులో నిషేధం. పిస్టన్లు పగిలిన బండ్లు చూశాం, చేతులు కాలినవాళ్లనూ చూశాం అన్నారు.

కొత్త బండికి ఈ వైద్యం వద్దు

ఇంతవరకూ చెప్పిందంతా పాత బండి కథ. దీన్ని చదివి ఎవరైనా కొత్త లారీ మీద పానా పెడితే ప్రమాదం. దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాయి. ఈ బండ్లలో చాలావాటిలో ఉండేది కామన్ రైలు. డీజిలు పీడనం 1,600 బార్ దాటుతుంది. లారీ టైరులో ఉండేది ఎనిమిది బార్లు. అంటే రెండు వందల రెట్లు. అక్కడ నట్టు వదులు చేసి గాలి తీద్దామంటే చిమ్మే డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాటే కనపడుతుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. లోపల కండ కుళ్లి వేళ్లు తీసేయాల్సి రావచ్చు.

ఫిల్టరు వేసే పద్ధతీ మారింది. పాత అలవాటు ప్రకారం కొత్త ఫిల్టరును డీజిలుతో నింపి బిగిస్తారు. మధ్య రంధ్రంలోంచి పోసిన డీజిలు వడపోత లేకుండా నేరుగా పంపుకు పోతుంది. అందుకే కొత్త బండ్లకు చాలా కంపెనీలు పొడిగానే బిగించి, ప్రైమరుతోనే నింపమంటాయి. ఇక స్టార్టు కాకపోవడానికి వైర్ల తప్పు కూడా తోడైంది. క్రాంకు సెన్సరు ప్లగ్గు సరిగ్గా కూర్చోకపోతే ఇంజను ఎంత తిరిగినా కంప్యూటరుకు తెలియదు, నాజిలు తెరవదు. రైలులో పీడనం రెండు వందల బార్ల చిల్లరకైనా చేరకపోయినా అంతే. ఇది చేతికి, ముక్కుకు అందదు. స్కానరు పెట్టి చూడాల్సిందే.

పెద్ద మేస్త్రికి స్కానరు రాదు. దాచుకోకుండానే చెప్పాడు. నిన్న ఫిల్టరు తప్పుగా బిగించిన కుర్రాడికి వచ్చు. ఐటీఐలో చదివాడు, ఫోనులో ఇంగ్లిషు, హిందీ వీడియోలు చూసి నేర్చుకున్నాడు. షెడ్డుకు బీఎస్-6 బండి వస్తే ముందుండేది అతనే, మేస్త్రి పక్కన నిలబడి చూస్తాడు. ఇద్దరి మధ్యా ఒకటే తగాదా. 'మిషను చెప్పినదాన్నే నమ్ముతాడు సార్ వీడు' అని ఆయన. 'ఆయన వినడు సార్' అని ఇతను. అప్పటికే లోపల్నుంచి ఒకరి టీ ఇంకొకరు తాగేస్తున్నారు.

ఈ షెడ్డుకు ఎర్రధూళి ఇచ్చినదీ, లాక్కున్నదీ చాలా ఉంది. చైనాకు ఖనిజం పోయిన రోజుల్లో కృష్ణపట్నం, చెన్నై రేవులకు రాత్రింబవళ్లు లారీలు నడిచాయి. 2010 జులైలో కర్ణాటక ఎగుమతులు ఆపింది. 2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్లారి గనుల్లో తవ్వకాలే నిలిపేసింది. 2013 ఏప్రిల్‌లో షరతులతో కొన్ని తెరుచుకున్నాయి. మధ్య రెండేళ్లూ ఈ రోడ్డున టైర్లు ఎండిపోయి నిలబడ్డ లారీలను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు పోయాయి. గీత అటూ ఇటూ గీసినా లారీ యజమాని రాయదుర్గంలో, డ్రైవరు మోకాలో, షెడ్డు బళ్లారిలో. ఆగిన బండి ఖరీదు మూడు చోట్లా పడుతుంది.

తొమ్మిదీ ఇరవైకి టిప్పరు అందుకుంది. ముందు తెల్లపొగ గుప్పుమంది, కాసేపు కుంటింది, తర్వాత సర్దుకుంది. మేస్త్రి వెంటనే వదల్లేదు. పావుగంట ఆడించాడు, ఆపాడు, మరో పావుగంట ఆగి మళ్లీ స్టార్టు చేయించాడు. ఒక్క తాకుకే లేచింది. అప్పుడే డ్రైవరు సీటెక్కాడు. పొద్దుటి వరుస అప్పటికే పోయింది. మధ్యాహ్నం రెండో వరుసలో చోటు దొరుకుతుందేమోనని ఫోను కలిపాడు. అవతల రాయదుర్గం యజమాని అడిగిన మొదటి మాట: 'పంపుకు ఎంతయింది?'

'పంపు కాదు సామీ. రబ్బరు.'

కూలి దగ్గర కాస్త పేచీ నడిచింది. తప్పు మా షెడ్డుదే, డబ్బు వద్దన్నాడు మేస్త్రి. డ్రైవరు టీ డబ్బులైనా తీసుకోమన్నాడు. కుర్రాడు ఈలోగా ఆ పాత రింగును కాటన్ వేస్టుతో తుడిచి, పనిముట్ల బల్ల మీది మేకుకు తగిలించాడు. ఆ మేకుకు అప్పటికే ఒక మసిగుడ్డ వేలాడుతోంది.